సెప్టెంబరుకు జరిపిన పడవ

మా రేవు పట్టణం వోలోస్‌లో జనవరి అంటే పడవల గురించి మాట్లాడుకునే నెల. నెల మొదట్లో వచ్చే చర్చి పండగనాడు పూజారి రేవులోకి శిలువ విసరడం, కుర్రాళ్ళు వణుక్కుంటూ దూకి దాన్ని పైకి తేవడం అయిపోతే సముద్రానికి దీవెన అందినట్టే. మర్నాటి నుంచి మా ఊరి మగవాళ్ళు ఒంటి మీద రెండేసి స్వెట్టర్లు తగిలించుకుని, వేసవిలో ఏ దీవికి పోదామా అని మొదలుపెడతారు. సొంత పడవ ఉన్నవాడు దానికి వేయాల్సిన రంగు గురించి ఊదరగొడతాడు. లేనివాడు అద్దె పడవ గురించి ఊదరగొడతాడు. స్టెర్యోస్ లేనివాళ్ళ కోవలోకి వస్తాడు.

ఆ శనివారం మధ్యాహ్నం అతను రేవు వెనక వీధిలో, ఎప్పుడూ కూర్చునే సిపురో సారా దుకాణంలో, బల్ల నిండా సముద్రపు పటం పరిచాడు. చుట్టుకుపోకుండా ఒక మూల సిపురో సీసా, ఒక మూల ఆలివ్ కాయల గిన్నె పెట్టాడు. మూడో మూల బావమరిది మోచెయ్యి. నాలుగో మూల మీద భార్య మిర్సిని అరచెయ్యి ఆనించి కూర్చుంది.

"ఒరే కోస్మా, కదలకు. నీ మోచేతి కింద స్కోపెలోస్ దీవి ఉంది."

"ఉంటే ఉండనీ బావా. నా బరువుకి మునిగిపోదులే" అన్నాడు కోస్మాస్. అతను మిర్సినికి తమ్ముడు. సెలూను నడుపుతాడు. ఊళ్ళో సగం మంది అతని ముందు తల వంచాల్సిందే కాబట్టి ఎవరితోనైనా చనువుగానే మాట్లాడతాడు.

"మే నెలలో వెళ్తున్నాం. ఈసారి ఒట్టి పడవ. నా పేరు మీద" అన్నాడు స్టెర్యోస్.

మా దగ్గర పడవని రెండు రకాలుగా అద్దెకిస్తారు. నడిపేవాడితో ఇస్తే ఒక రకం. నడిపేవాడు లేకుండా, తాళంచెవి నీ చేతిలో పెట్టి, ఇక నీ చావు నువ్వు చావు అని పంపేస్తే అది ఒట్టి పడవ. దానికి చేతిలో లైసెన్సు ఉన్నవాడొకడు, వాడి పక్కన కాస్త పని తెలిసినవాడు ఇంకొకడు ఉండాలి. స్టెర్యోస్ ఉద్యోగమంతా కొండ మీద ఆపిల్ సహకార సంఘం శీతల గిడ్డంగిలోనే గడిచింది. లోకమంతా చొక్కాలు విప్పుకుని తిరిగే రోజుల్లో అతను కోటు తొడుక్కుని పనిలోకి వెళ్ళేవాడు. సెలవు దొరికిన వారంలో ఎవరో ఒక స్నేహితుడి పడవెక్కి, తాళ్ళు లాగి, అందరికీ చేపలు వేయించి, ఇంజను పక్కన ఇరుకు పరుపు మీద పడుకునేవాడు. చుక్కాని మాత్రం ఎవడూ ఇవ్వలేదు. రిటైరయ్యాక, సాటివాళ్ళు కళ్ళజోళ్ళు మార్పించుకునే వయసులో, కుర్రాళ్ళ మధ్య బెంచీ మీద కూర్చుని చదివి లైసెన్సు తెచ్చుకున్నాడు. అది వచ్చిన రోజు వీధిలో అందరికీ మిఠాయి పంచాడు.

"వెళ్ళేది ఎక్కడికో చెప్పు ముందు" అన్నాడు కోస్మాస్, తెలిసీ.

స్టెర్యోస్ వేలు పటం మీద వోలోస్ నుంచి బయల్దేరి, అఖాతం మూతి దాటి, స్కియాథోస్, స్కోపెలోస్, అలొనిసోస్ మీదుగా మెల్లగా నడిచి, ఆ అవతల ఒక చిన్న దీవి దగ్గర ఆగింది. అక్కడ ఒక మఠం, ఒకే ఒక సన్యాసి, బోలెడు మేకలు తప్ప ఏమీ లేవు. దీవికి ఉత్తరాన ఒక ఖాతం ఉంది, సముద్రం కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన చోటు. నోరు సన్నగా ఉంటుంది గానీ, లోపలికి వెళితే గిన్నెలో పోసిన నీళ్ళే. ఒకప్పుడు ఓ స్నేహితుడి పడవలో స్టెర్యోస్ దాని నోటి దాకా వెళ్ళాడు. స్నేహితుడికి గుండె జారి, పడవ వెనక్కి తిప్పేశాడు. ఆ సంగతి స్టెర్యోస్ ఇప్పటికీ మరిచిపోలేదు.

"నేనైతే దూరేవాణ్ణి. కళ్ళు మూసుకుని దూరేవాణ్ణి" అన్నాడు.

"కళ్ళు తెరిచే దూరు బావా, మేం కూడా ఉంటాం" అన్నాడు కోస్మాస్.

"జూలై, ఆగస్టుల్లో కుదరదు. మెల్టెమి గాలి ఉత్తరం నుంచి తిన్నగా దాని నోట్లోకే కొడుతుంది. మేలో అయితే గాలీ ఉండదు, జనమూ ఉండరు. సన్యాసి మనకి జున్ను పెడతాడు. ఏమంటావు మిర్సినీ?"

మిర్సిని నోట్లో ఆలివ్ కాయ ఉంది. గింజ ఉమ్మడానికి కాస్త ఎక్కువసేపే తీసుకుంది.

"చూద్దాంలే" అంది.

ఆమె గుండెలో రాయి పడి అప్పటికి ఒక వారం. స్టెర్యోస్ కడుపు నొప్పంటే ఆస్పత్రికి తీసుకెళ్ళింది. లోపల అతను తెర వెనక చొక్కా గుండీలు పెట్టుకుంటూ ఉండగా, డాక్టరు వరండాలోకి వచ్చి ఆమెకి చెప్పాడు. మా వైపు చాలామంది డాక్టర్లు ముందు ఇంటివాళ్ళకే చెబుతారు. ఆ జబ్బు పేరు ఇళ్ళల్లో ఎవరూ పలకరు. పాడు జబ్బు అంటారు, అదీ గొంతు తగ్గించి. ఈ డాక్టరు మాత్రం చిన్నవాడు, కొత్తగా చదువుకున్నవాడు. అసలు పేరే పలికాడు. క్లోమంలో మొదలై కాలేయం దాకా పాకిందన్నాడు. కోసి తీసే దశ దాటిందన్నాడు. మందుతో వసంతం బాగానే గడుస్తుంది, వేసవి సంగతి మాత్రం నేను మాటివ్వలేను అన్నాడు.

"ఆయనకి నేను చెబుతానమ్మా. చెప్పడం నా ధర్మం" అన్నాడు.

మిర్సిని అతని తెల్లకోటు పట్టుకుంది. "నా బిడ్డలాంటి వాడివి. నీకు దణ్ణం పెడతాను, చెప్పకు. మా ఆయన వాళ్ళ నాన్నకి చెప్పారు. చెప్పిన రోజు గోడ వైపు తిరిగి పడుకున్నాడు, మళ్ళీ ఇటు తిరగలేదు. ఈయనా అంతే. పేరు వింటే పేరుతోనే పోతాడు."

"ఆయనకి చేసుకోవాలనుకున్న పనులేమైనా ఉంటే..."

"ఆయనకి బతకడమే పని."

డాక్టరు అటూ ఇటూ చూసి, ఆయనగా అడిగితే మాత్రం నేను అబద్ధమాడను అని చెప్పి వెళ్ళిపోయాడు. స్టెర్యోస్ అడగలేదు. క్లోమం వాచింది, వాపు తీయడానికి మందు ఎక్కించాలి అని మిర్సిని చెబితే తలూపాడు. ఆమె అదే మాట ఊరందరికీ చెప్పింది. తమ్ముడికి మాత్రం నిజం చెప్పింది, ఒక్కతే మొయ్యలేక.

ఆమెది పాపమని తేల్చేయడం తేలిక. కానీ ఇది ఆ ఇంట్లో కొత్తగా మొదలైంది కాదు. మిర్సిని తల్లికి ఇదే జబ్బు వచ్చినప్పుడు నాటకం నడిపించింది స్టెర్యోసే. ముసలావిడకి గ్యాసు పట్టిందని చెప్పి, ఆవిడ పేరున్న పునీతురాలి పండగనాడు ఆవిణ్ణి కుర్చీలోంచి లేపి రెండడుగులు నాట్యం కూడా చేయించాడు. ఆవిడ నవ్వుకుంటూనే పోయింది. అంత అందమైన చావు ఊళ్ళో ఇంకొకటి లేదని ఆడవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆయనకీ ఇలాగే కావాలి కాబోలు అనుకుంది మిర్సిని. ఆమెకి అంతకంటే వేరే దారి తెలియదు.

దాంతో పడవ మాట ఆమెకి మొదట్లో కలిసొచ్చింది. పడవ గురించి మాట్లాడేవాడు చావు గురించి ఆలోచించడు కదా అనుకుంది. స్టెర్యోస్ వంటింట్లో స్నానం కోటు నడికట్టు తీసుకుని ఆమె చేత పడవ ముళ్ళు వేయించేవాడు.

"కుందేలు బొరియలోంచి పైకొచ్చింది, చెట్టు చుట్టూ తిరిగింది, మళ్ళీ బొరియలోకి దూరింది. చూడు, అయిపోయింది."

"నా కుందేలు చెట్టుకే చుట్టుకుపోయింది."

"నీ కుందేలు నీలాగే. ఎక్కడికీ పోదు, ఎవర్నీ పోనివ్వదు" అని నవ్వేవాడు. ఆమె కూడా నవ్వేది. తర్వాత స్నానాలగదిలోకి వెళ్ళి కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చేది.

ఆస్పత్రిలో మందు ఎక్కించుకుని వచ్చిన మర్నాడు మాత్రం అతను లేచేవాడు కాదు. ఆ పైన రెండు మూడు రోజులకి మామూలు మనిషయ్యేవాడు. గడ్డం గీయించుకోవడానికి బావమరిది సెలూనుకి నడిచి వెళ్ళేవాడు, రేవులో పడవలు చూసొచ్చేవాడు. అప్పుడప్పుడూ భోజనం దగ్గర చెంచా ఆపి ఆమె మొహంలోకి చూస్తూ ఉండిపోయేవాడు. ఏంటలా చూస్తున్నావు అంటే, ఏం లేదు, ఉప్పు తక్కువైంది అనేవాడు. సరిపడా వేసిన రోజు కూడా అదే మాట. ఫిబ్రవరి చివరికి అతని మాటలు తగ్గాయి. పటం ముందు కూర్చునేవాడు గానీ, వేలు వోలోస్ దాటి కదిలేది కాదు.

మే దగ్గరపడే కొద్దీ మిర్సినికి భయం పట్టుకుంది. పగలంతా ఆ ఖాతమే కళ్ళ ముందు. చుట్టూ రాళ్ళు, మేకలు, ఒక సన్యాసి. అక్కడ ఆయన కడుపు పట్టుకుని పడిపోతే ఎవరిని పిలవాలి? మందు ఒక్కసారి తప్పినా ఏమవుతుందో? మందు సరిగ్గా పడితే, ఎవరికి తెలుసు, వాపులాగే అదీ తగ్గిపోవచ్చు. అబద్ధం అన్నిసార్లు చెప్పేసరికి ఆమే దాన్ని సగం నమ్మడం మొదలుపెట్టింది.

ఒకనాడు సెలూను మూసే వేళకి వెళ్ళి తమ్ముడి ఎదురుగా కూర్చుంది.

"మే వద్దు. సెప్టెంబరుకి జరుపుదాం. అప్పటికి మందు పూర్తవుతుంది."

కోస్మాస్ కత్తెర కింద పెట్టాడు. "అక్కా, సెప్టెంబరు ఎక్కడుందే మనకి?"

"నోరు కడుక్కో."

"డాక్టరు నీకేం చెప్పాడు? వసంతం బాగుంటుందన్నాడు. మే వసంతం కాదా? నేను పక్కనే ఉంటాను. ఫోనుంది, రేడియో ఉంది, ఏమన్నా అయితే తీర రక్షణ దళం వస్తుంది. తీసుకెళ్దాం. పోనీ నిజం చెప్పేద్దాం, ఆయన్నే తేల్చుకోనిద్దాం."

"అంటే నీ బావని నీ చేత్తోనే చంపుతావా?"

"నేను కాదే చంపేది!"

"నీ పిల్లల మీద ఒట్టు పెట్టు. చెప్పనని ఒట్టు పెట్టు."

కోస్మాస్ దువ్వెనలు సర్దడం మొదలుపెట్టాడు. తల్లి పోయాక అతన్ని పెంచింది అక్కే అని కాదు, అప్పటికి అతనికి మీసాలు నెరిశాయి. కానీ ఆ ఇంట్లో మిర్సిని మాట మీద ఎవరూ గెలిచింది లేదు. చివరికి ఒట్టు పెట్టాడు. పెట్టి, నువ్వు చేస్తున్నది తప్పు అని కూడా అన్నాడు. ఆ రెండో మాట ఆమె చెవిన పడనట్టే లేచి వచ్చేసింది.

మర్నాడు రేవుకి వెళ్ళింది. పడవలు అద్దెకిచ్చే థిమియోస్ మంచివాడు. ఆమె పావు వంతు చెప్పేసరికే మిగతాది అర్థం చేసుకుని టోపీ తీసేశాడు. స్టెర్యోస్ ఎంచుకున్న పడవ పేరు ఫ్రోసో. తెల్లటి ఒళ్ళు, నీలం గీత, ముగ్గురు నలుగురికి చక్కగా సరిపోతుంది. దాని ఇంజను పాడైందని, విడిభాగాలు రావడానికి వేసవంతా పడుతుందని చెప్పాలని ఇద్దరూ అనుకున్నారు.

"ఇంజను గురించి అబద్ధం చెప్పడం నాకు మంచిది కాదమ్మా" అన్నాడు థిమియోస్. "అయినా సరే. ఆయన కోసం."

ఆ సాయంత్రం మిర్సిని బీన్సు సూపు వడ్డించి, పక్కన మిరపకాయ పెట్టి, మామూలు గొంతుతో చెప్పింది.

"థిమియోస్ కనబడ్డాడు. ఫ్రోసో ఇంజను పోయిందట. సెప్టెంబరుకి గానీ అవ్వదట. నేను సరేనని చెప్పేశాను. సెప్టెంబరులో నీళ్ళు కూడా వెచ్చగా ఉంటాయి, గాలీ తగ్గుతుంది."

స్టెర్యోస్ చెంచా ఆగింది.

"వేరే పడవ లేదా?"

"ఉన్నవన్నీ పెద్దవట. అయినా ఆపిల్ కోతలని నువ్వు సెప్టెంబరులో గిడ్డంగికి పోవాల్సిన రోజులు అయిపోయాయి కదా. తొందరేముంది?"

"తొందరేం లేదంటావా?" అన్నాడు. ఆమె మొహంలోకే చూస్తున్నాడు.

"లేదు."

"సెప్టెంబరు."

"సెప్టెంబరే. ఎవరు తరుముతున్నారు నిన్ను?"

గొడవ పడతాడనుకుంది. మొహం మాడ్చుకుంటాడనుకుంది. దానికి తగ్గ సమాధానాలన్నీ దారి పొడుగునా కూడబలుక్కునే వచ్చింది. అవేవీ అక్కర్లేకపోయాయి. స్టెర్యోస్ మొహం ఒక్కసారిగా విప్పారింది. ఇంకో గరిటె వెయ్యి అన్నాడు. రొట్టెతో పళ్ళెం తుడుచుకుని మరీ తిన్నాడు. తిన్నాక పటం తెచ్చి పరుచుకుని, సెప్టెంబరులో సూర్యుడు ఎన్నింటికి కుంకుతాడో, ఏ రేవులో ముందే చేరుకోవాలో లెక్క కట్టాడు. ఏదో పాట కూనిరాగం తీశాడు. చూశావా, అబద్ధం ఎంత మేలు చేసిందో అని మిర్సిని మనసులోనే తమ్ముడికి అప్పజెప్పింది. ఆమె కూడా ఆ పూట కడుపునిండా తిన్నది.

మే నెల వచ్చింది. ఆ ఏడు మే ఎంత బాగుందో మా ఊళ్ళో అడిగితే ఎవరైనా చెబుతారు. సముద్రం మీద ముడత లేదు. డాక్టరు అన్నట్టే మందు పని చేసి, స్టెర్యోస్ ఒంటికి కాస్త సత్తువ వచ్చింది. నిచ్చెనెక్కి నిమ్మచెట్టు కొమ్మలు కత్తిరించాడు. బాల్కనీ కటకటాలు గీకి, రెండు పూతలు నీలం రంగు వేశాడు. అక్కణ్ణించి రేవు కనబడుతుంది. తెల్ల తెరచాపలు ఒక్కొక్కటే అఖాతంలోకి జారిపోతుంటే చేతిలో కుంచెతో నిలబడి చూసేవాడు.

"పోనీలే, పోనీ" అనేవాడు. "మన రోజూ వస్తుంది."

ఒక శనివారం కోస్మాస్ అతనితో పాటు ఆ బాల్కనీలో నిలబడలేక, సిగరెట్టు కొనుక్కోవాలని చెప్పి, మెట్లు దిగి ఇంటికి పోయాడు. జేబులో సిగరెట్లు ఉన్నాయి.

జూన్‌లో మందు పని చెయ్యడం మానేసింది. ఎప్పుడు మానేసిందో ఎవరికీ తెలియదు. ఒక రోజు ప్యాంటు నిలవలేదు. ఇంకొక రోజు మెట్ల మధ్యలో కూర్చుండిపోయాడు. కళ్ళల్లో పసుపు తేలింది. ఎండ, ఎండ వల్ల అంది మిర్సిని. పక్కింటివాళ్ళు కూడా ఎండ వల్లే అన్నారు. మా ఊరు మొత్తానికి ఆ వేసవిలో ఎండ తప్ప ఇంకే జబ్బూ లేదు.

జూలైలో ఒక ఉదయం అతనే అడిగాడు. "నన్నోసారి రేవుకి తీసుకెళ్ళండి. ఇంజను ఎంతవరకు వచ్చిందో చూడాలి."

మిర్సిని కంగారుగా థిమియోస్‌కి ఫోను చేసింది. ఫ్రోసో బయటికి వెళ్ళింది, మధ్యాహ్నానికి గానీ రాదు, ఆలోగా తీసుకొచ్చేయండి, గట్టు దగ్గర లేదేమని అడిగితే కార్ఖానాలో ఉందని చెబుతాను అన్నాడు అతను. అంతా బాగానే అనుకున్నారు. కానీ ఉత్తరం గాలి మొదలయ్యేలా ఉందని, పడవ తీసుకున్నవాళ్ళు పెందలాడే తిరిగొచ్చేశారు. కోస్మాస్ చెయ్యి పట్టుకుని, పక్కన మిర్సినితో, స్టెర్యోస్ గట్టు మీదికి చేరేసరికి, ఫ్రోసో వెనక్కి వెనక్కి వచ్చి, బుడుబుడుమని నీళ్ళు చిమ్ముకుంటూ, గట్టుకి ఆనుతోంది.

థిమియోస్ మొహం పాలిపోయింది. పడవ మీదున్న మనిషి ఎవరో థెస్సలొనీకీ వాడు, ఎర్రగా కాలిపోయి, హుషారుగా ఉన్నాడు. స్టెర్యోస్ వైపు తాడు విసిరాడు. స్టెర్యోస్ పట్టుకున్నాడు గానీ లాగలేకపోయాడు. కోస్మాస్ అందుకుని కట్టాడు.

"ఇంజను బాగయిందా?" అన్నాడు స్టెర్యోస్.

"ఇంజనుకేం బాబాయ్, గడియారంలా ఉంది. మేలో కూడా మేమే తీసుకున్నాం. అప్పుడూ అంతే, ఒక్క దగ్గు దగ్గలేదు."

"మేలోనా?"

"నెల మధ్యలో. ఎవరో ఆఖరు నిమిషంలో మానుకున్నారట, మా అదృష్టం! మఠం ఉన్న దీవి దాకా వెళ్ళొచ్చాం. దాని వెనక ఖాతం ఉంది చూడు, రెండు రాత్రులు అందులోనే. నీళ్ళు నూనెలా ఉన్నాయి. నువ్వెప్పుడైనా వెళ్ళావా?"

"నోటి దాకా వెళ్ళాను" అన్నాడు స్టెర్యోస్.

అతను థిమియోస్ వైపు చూశాడు. థిమియోస్ తన చెప్పుల వైపు చూసుకున్నాడు. కోస్మాస్ వైపు చూశాడు. కోస్మాస్ కట్టిన ముడినే మళ్ళీ కడుతున్నాడు. అప్పుడు భార్య వైపు చూశాడు.

పడవలోవాళ్ళు సామాను దింపుకుని వెళ్ళిపోయాక, నన్ను ఎక్కించండి అన్నాడు. కోస్మాస్, థిమియోస్ చెరో రెక్క పట్టుకుని పలక మీదుగా నడిపించారు. చుక్కాని చక్రం వెనక బల్ల మీద కూర్చోబెట్టారు. మీరు పొండి అన్నాడు వాళ్ళతో. మిర్సిని ఒక్కతీ ఎదురుగా కూర్చుంది. ఎదుటి కొండ మీద మబ్బు పట్టింది. పడవ తాళ్ళు కిర్రుమంటున్నాయి.

"ఎప్పట్నుంచి తెలుసు నీకు?"

ఆమె గట్టు వైపు చూసింది.

"ఎప్పట్నుంచి, మిర్సినీ?"

"జనవరి."

"మొదటి రోజునుంచేనా?"

తలూపింది. ఆ తర్వాత ఒక్కసారిగా మాటలన్నీ పొర్లుకొచ్చాయి. అతని తండ్రి గోడ వైపు తిరగడం, డాక్టరు కోటు, ఖాతంలో పడిపోతే ఎవరిని పిలవాలన్నది, సెప్టెంబరుకల్లా తగ్గుతుందనుకున్నది. మీ నాన్నలా నువ్వూ పోతావని భయం వేసింది అంది. మా అమ్మకి నువ్వు చేసిందే నేనూ చేశాను అంది. ఇప్పుడైనా వెళ్దాం, ఈ రోజే వెళ్దాం, థిమియోస్ కాదనడు, కోస్మాస్ నడుపుతాడు, నీకు దుప్పట్లు పరుస్తాను, నువ్వు దారి చెబుదువు గాని అంది.

"గాలి మొదలైంది" అన్నాడు. "ఇక ఎవడూ దూరలేడు అందులోకి."

"గాలి తగ్గాక..."

"తాడు లాగలేకపోయాను, చూశావు కదా."

ఆమె అతని మోకాలి మీద చెయ్యి వేసింది. ఎముక తగిలింది. అతను చెయ్యి తొయ్యలేదు. కోపం కూడా లేదు గొంతులో. కోపమైనా ఉంటే బాగుండుననిపించింది ఆమెకి.

"మీ అమ్మకి నేను చేశాను. నిజమే" అన్నాడు. "అందుకే నాకు అనుమానం వచ్చింది. నా మొహం నాకు అద్దంలో కనబడదా? జనవరి నుంచీ తెలుసు ఏదో ఉందని. అడిగే ధైర్యం లేదు. భోజనం దగ్గర నీ మొహం చూసేవాణ్ణి, నేనాడిన నాటకం నువ్వాడుతున్నావా అని. ఏమీ దొరికేది కాదు. ఫిబ్రవరి అంతా చచ్చాను మిర్సినీ. ఇంక లాభం లేదు, మే దాకా కూడా ఆగొద్దు, ఏదో ఒక పడవ తీసుకుని ఈ వారమే పోదాం అని నీతో చెప్పడానికి సిద్ధమయ్యాను. ఆ రోజే బీన్సు సూపు పెట్టి నువ్వు సెప్టెంబరు అన్నావు."

మిర్సిని అతని కళ్ళలోకి చూసింది. అవి పసుప్పచ్చగా ఉన్నాయి.

"తొందరేం లేదంటావా అని అడిగాను. లేదన్నావు. అప్పుడు నేనేమనుకున్నానో తెలుసా? మిర్సిని అబద్ధమాడితే ఆడుతుంది. నా కోసం ఏమైనా ఆడుతుంది. కానీ నేను పోతున్నానని తెలిస్తే మాత్రం నా చేత మే వదిలించదు. అంత పని నాకు గిట్టనివాడు కూడా చెయ్యడు. సెప్టెంబరు అంటోందంటే నేను సెప్టెంబరుకి ఉంటాను, నాకేం లేదు, వాపే. అలా అనుకుని రెండోసారి సూపు వేయించుకున్నాను."

"స్టెర్యో..."

"డాక్టరు మాట కంటే ఎక్కువగా నమ్మాను."

గట్టు మీద ఎవరో సామాను బండి తోసుకుపోయారు. స్టెర్యోస్ రెండు చేతులూ చక్రం మీద పెట్టి, కాస్త కుడికి, కాస్త ఎడమకి తిప్పి చూశాడు. తర్వాత తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"కోస్మా, రా. దింపు" అని పిలిచాడు.

కోస్మాస్ పరిగెత్తుకొచ్చాడు. అతని కళ్ళు ఎర్రగా ఉన్నాయి. మిర్సిని ముందే లేచి భర్తకి చెయ్యి అందించింది. స్టెర్యోస్ ఆ చెయ్యి వైపు ఒకసారి చూశాడు. బావమరిది భుజం పట్టుకుని లేచి, మెల్లగా పలక దిగి, వెనక్కి చూడకుండా గట్టు వెంట నడిచాడు. మిర్సిని ఒక్కతే పడవలో నిలబడి ఉంది.